తుంటి ఇంపింజ్‌మెంట్

తుంటి ఇంపింజ్‌మెంట్ అనేది తుంటి కీలులోని ఎముకల ఆకారంలో తేడా వలన, కాలు కదిలించినపుడు అవి ఒకదానితో ఒకటి ఒరుసుకొని నొప్పి కలిగించే స్థితి. తుంటి ఒక బంతి గిన్నె కీలు. తొడ ఎముక తల బంతిగాను, కటి ఎముకలోని గుంట గిన్నెగాను పనిచేస్తాయి. గిన్నె అంచున లాబ్రమ్ అనే వలయం, లోపల మృదులాస్థి పొర ఉంటాయి. పదేపదే జరిగే ఒరిపిడి వలన ఇవి దెబ్బతింటాయి. స్విట్జర్లాండులోని బెర్న్ నగరానికి చెందిన శస్త్రవైద్యుడు రైన్‌హోల్డ్ గాంజ్, ఆయన సహచరులు ఈ స్థితికీ, తుంటి కీలు అరుగుదలకూ గల సంబంధాన్ని 2003లో వివరించారు.

రకాలు

* కామ్ రకం: తొడ ఎముక తల, మెడ కలిసే చోట ఎముక ఉబ్బెత్తుగా ఉంటుంది.
* పిన్సర్ రకం: గిన్నె అంచు ఉండవలసిన దానికంటే ఎక్కువగా పొడుచుకొని వస్తుంది.
* మిశ్రమ రకం: పై రెండూ కలిసి ఉంటాయి.

లక్షణాలు

నొప్పి ప్రధానంగా గజ్జలో వస్తుంది. ఎక్కువసేపు కూర్చున్నపుడు, గొంతుకూర్చున్నపుడు, ఆటలలో కాలు మెలితిరిగినపుడు ఇది పెరుగుతుంది. కొందరిలో కీలు పట్టేసినట్లు ఉంటుంది.

వ్యాధి నిర్ధారణ

2016లో ప్రకటించిన వార్విక్ అంగీకారం ప్రకారం లక్షణాలు, వైద్యపరీక్షలో కనిపించే గుర్తులు, ఎక్స్-రే వంటి చిత్రాలలో కనిపించే ఆకార భేదం - ఈ మూడూ ఉన్నపుడే దీనిని వ్యాధిగా పరిగణిస్తారు. ఏ బాధా లేని అనేకమందిలో కూడా ఇటువంటి ఆకార భేదాలు కనిపిస్తాయి. కనుక ఎక్స్-రే ఒక్కటే శస్త్రచికిత్సకు కారణం కాదు.

శస్త్రచికిత్స ఎప్పుడు అవసరం

సాధారణంగా మొదట నొప్పి కలిగించే కదలికలను తగ్గించడం, నొప్పి నివారణ మందులు, తుంటి, నడుము కండరాలను బలపరిచే ఫిజియోథెరపీ సూచిస్తారు. కొన్ని నెలలపాటు క్రమంగా చేసినా నొప్పి తగ్గక, రోజువారీ పనులకు ఆటంకం కలుగుతుంటే శస్త్రచికిత్సను పరిశీలిస్తారు. ఆర్థ్రోస్కోపీ పద్ధతిలో చిన్న రంధ్రాల ద్వారా అదనపు ఎముకను చెక్కి, చిరిగిన లాబ్రమ్‌ను సరిచేస్తారు.

బ్రిటన్‌లో 348 మందిపై జరిపిన ఫ్యాషన్ అధ్యయనం ఫలితాలు 2018లో వెలువడ్డాయి. ఇందులో 100 పాయింట్ల కొలమానంపై, ఏడాది తరువాత శస్త్రచికిత్స పొందినవారి సగటు 58.8, ఫిజియోథెరపీ పొందినవారి సగటు 49.7గా నమోదైంది. రెండు వర్గాలూ మెరుగుపడ్డాయి, అయితే శస్త్రచికిత్స వర్గంలో మెరుగుదల కొంత ఎక్కువ.

శస్త్రచికిత్స తగనివారు

కీలు అప్పటికే బాగా అరిగిపోయినవారికి ఆర్థ్రోస్కోపీ వలన ప్రయోజనం తక్కువ. వారిలో కొందరికి కీలు మార్పిడి అవసరం కావచ్చు. గిన్నె లోతు తక్కువగా ఉన్నవారిలో అంచును చెక్కితే కీలు నిలకడ కోల్పోయే ప్రమాదముంది. భవిష్యత్తులో అరుగుదలను ఈ శస్త్రచికిత్స నివారిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. అందువలన నొప్పి లేనివారికి ముందుజాగ్రత్తగా దీనిని సిఫారసు చేయరు. నరాల తిమ్మిరి, అరుదుగా ఇన్ఫెక్షన్, తొడ ఎముక మెడ విరగడం వంటి సమస్యలు రావచ్చు. పూర్తిగా కోలుకోవడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ కాలంలోనూ ఫిజియోథెరపీ తప్పనిసరి.