బందరు రేవు, గోల్కొండ ఉక్కు: వీడియో గేమ్ ఖడ్గ నమూనాలకు చారిత్రకాధారం

2022 ఏప్రిల్‌లో విడుదలైన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2: డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ వీడియో గేమ్‌లో ద్రావిడ సైన్యానికి ‘వూట్జ్ స్టీల్’ అనే సాంకేతికతను సమకూర్చారు. దానిని సాధించిన పక్షపు పదాతి, అశ్విక దళాల దెబ్బకు ఎదుటివారి కవచం అడ్డురాదు. ఆట నియమంగా ఇది చెల్లుతుంది. ఆయుధ నమూనా రూపకల్పనకు మాత్రం ఆ ఉక్కు ప్రయాణించిన దారే ప్రధానాధారం.

గోల్కొండ రాజ్యంలో, నేటి నిజామాబాదు జిల్లా కోనసముద్రం వంటి చోట్ల మూసలలో తయారైన ఉక్కు ముద్దలు మచిలీపట్నం రేవు మీదుగా పర్షియాకు చేరేవి. వాటిని రెండుగా కోసి నాణ్యత పరీక్షించేవారని 17వ శతాబ్ది ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే నమోదు చేశాడు. అంటే అక్కడికి చేరినది ముడి ఉక్కు. దానిని అలుగుగా సాగగొట్టినవారు పర్షియా కమ్మరులు. కనుక వంపు తిరిగిన పర్షియన్ షంషీర్‌లోనూ తెలుగునేల ఉక్కు ఉండవచ్చు. దక్కను ‘ఫిరంగి’ ఖడ్గం కథ ఇందుకు తలకిందులు: పిడి స్థానికం, అలుగు తరచుగా ఐరోపాది. ఆకారాన్ని మాత్రమే చూసి దేశాన్ని నిర్ణయించే నమూనాకారుడు రెండుచోట్లా పొరబడతాడు.

ఉపరితలం ఇంతకంటే నమ్మదగిన సాక్ష్యం. అలుగుపై నీటి అలలవలె కనిపించే జౌహర్‌ను ఎవరూ చెక్కలేదు. ఉక్కులోని కార్బైడు కణాల వరుసలే ఆమ్ల ద్రావణం తగిలాక అలా తేలుతాయి. కొలిమిలో అతిగా కాచితే ఆ వరుసలు చెరిగిపోతాయి. అందువల్ల త్రిమితీయ నమూనాలో జౌహర్‌ను ఎత్తుపల్లాలుగా మలచడం దోషం. వెలుతురు పడే కోణం మారినప్పుడు మెరుపులో కలిగే స్వల్పభేదంగానే అది కనిపించాలి. ఒకే తునకను అలుగు పొడవునా అతికించినట్లు పునరావృతం చేయరాదు. సుత్తి దెబ్బకు లోహం సాగిన తీరునుబట్టి వరుసలు మారుతూ పోవాలి.