తిరువళ్ళూరు బెల్లం, గ్రహణి పథ్యం

తిరువళ్ళూరు వీరరాఘవస్వామికి వైద్య వీరరాఘవుడనే పేరుంది. ఏడాది ఉపవాసం తర్వాత శాలిహోత్రముని నివేదించిన బియ్యప్పిండిని స్వామి ముసలివాడై వచ్చి ఆరగించాడని స్థలపురాణం చెబుతుంది. ఆ గుడి కోనేరు హృత్తాపనాశినిలో అమావాస్యనాడు రోగులు బెల్లం వేస్తారు. అది కరిగినట్లే రోగమూ కరగాలని మొక్కు. దగ్గరలోని తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోనే ఉన్నందున, ఆ ప్రాంతపు తెలుగువారికి ఈ క్షేత్రం పొరుగూరి గుడి వంటిదే.

స్వామి ఆరగించిన ఆ పిండి గ్రహణి రోగికి పథ్యమవుతుందా? జఠరాగ్ని, అంటే అరుగుదల శక్తి, మందగించి తిన్నది ఒంటబట్టని రోగాన్ని ఆయుర్వేదం గ్రహణి అంటుంది. చిక్కినవారికి పాలు, నెయ్యి, కొత్తబియ్యం, కంటినిండా నిద్ర చెప్పిన చరకసంహితే గ్రహణికి మాత్రం తక్రాన్ని, అనగా మజ్జిగను, మెచ్చుకుంది. శోధనచికిత్స, అంటే ఒంటిలోని దోషాలను వెడలగొట్టే చికిత్స, తర్వాత పేయ అనే పలుచని జావతో మొదలై, విలేపి అనే చిక్కని జావ మీదుగా అన్నానికి చేరమంది. పిండివంట గురువు, అంటే అరగడం కష్టం. ముని ఉపవాసం ముగిసిన వెంటనే అది దేవుడికి చెల్లింది గాని, గ్రహణి రోగికి చెల్లదు.