గుడారము - దానిని నిలిపిన చేతులు



గుడారమునకు పునాది లేదు, గోడ లేదు. ప్రొద్దున లేచును, మఱునాటికి మడతపడి బండి కెక్కును. అమరసింహుడు తన నిఘంటువునందు వస్త్రగృహమునకు దూష్యమని పేరు చెప్పియున్నాడు. గుడారము, డేరా యనునవి మన వాడుకమాటలు. రాజుల దండయాత్రలును, దొరల పన్ను తీర్మానములును ఈ గుడ్డయింటిలోనే జరిగినవి. అందు కూర్చున్నవారి పేళ్లు చరిత్రలో నున్నవి. దాని నెత్తి, దింపి, ఎండబెట్టి, దాచినవారి పేళ్లు లేవు. వారినిగూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

ముందుగా ఆ పని యెట్టిదో చెప్పెదను. నేను బడిపంతులుగా నున్నకాలమున స్కౌటు బాలురచేత గుడారము లెత్తించియుంటిని గనుక దాని మెలకువలు కొన్ని యెఱుగుదును. నీరు నిలువని మెరకనేల చూచుకొనవలెను. గాలి వీచు దిక్కునకు ద్వారము పెట్టరాదు. నడిమి రాట నిలిపి, ఎదురెదురు త్రాళ్లను ఒక్కసారిగా లాగి కట్టవలెను. మేకు తల గుడారమునకు వెలిదిక్కుగా వాలియుండునట్లు దిగగొట్టవలెను. మన ఒంగోలు సీమలోని నల్లరేగడి ఎండియున్నపుడు మేకును గట్టిగా పట్టును. ఒక్క వాన కురిసెనా, వెన్నవలె విడిచిపెట్టును. కొత్తపట్నము వైపు సముద్రపుటిసుకలో మేకు నిలువనే నిలువదు. అచ్చట త్రాటిని దుంగకో ఇసుకమూటకో కట్టి లోతుగా పాతిపెట్టవలెను. నూలుత్రాడు తడిసిన బిగియును. కావున మబ్బు పట్టినపుడు త్రాళ్లను కొంత వదులు చేయనిచో అవియే మేకులను పెరికివేయును.

ఎత్తుటకంటె దింపుట కష్టము. దింపుటకంటె దాచుట కష్టము. ముందు కనాతులు విప్పి, పిమ్మట త్రాళ్లు వదులు చేసి, రాటను మెల్లగా వాల్చవలెను. తడిగుడ్డను మడచిన బూజు పట్టి చివికిపోవును. ప్రయాణపు తొందరలో తడిగానే మడువవలసివచ్చిన యెడల, తరువాతి మజిలీలో దానిని విప్పి ఎండ వేయవలెను. మేకులు లెక్కపెట్టి సంచిలో వేసి, గుడ్డను నేలకు తగులనీయక పలకలపై పెట్టి, ఎలుకలు చేరకుండ చూచుకొనవలెను. ఇది ఓర్పుగలవాని పని.

ఇక చరిత్రకు వత్తము. 1520వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు రాయచూరుపై దండెత్తెను. ఆ దండును వర్ణించిన పోర్చుగీసు వర్తకుడు న్యూనిజు, రాయల గుడారముచుట్టును ముళ్లకంచె వేసి ఒక్కటే ద్వారము విడిచిరని వ్రాసియున్నాడు. ఆ ముండ్లు కొట్టి తెచ్చినవా రెవరో మన మెఱుగము. ఉత్తరదేశమున అక్బరు పాదుషా శిబిరమును మోయుటకు 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది మోతగాండ్రు కావలసియుండిరని అబుల్ ఫజలు లెక్క చెప్పెను. మొగలు పాదుషాలకు గుడారములు రెండు జతలుండెడివి. ప్రభు వొక జతలో విశ్రమించుచుండగా రెండవజత ముందు మజిలీకి సాగి, అతడు చేరునప్పటికి సిద్ధమై యుండెడిది. ప్రభువు నిద్రించు రాత్రి యంతయు పనివాండ్రు దారిలో నుండిరన్నమాట.

మన సీమకు కుంఫిణీ పరిపాలన వచ్చినది 1801లో. రైతువారీ పద్ధతిలో ఏటేట జమాబందీ జరుగవలసియుండెను. కలెక్టరుగాని అతని క్రింది యుద్యోగిగాని తోపులో డేరా వేసి, కరణముల లెక్కలు చూచి, ఎవరి శిస్తు ఎంతయో, ఎవరికి తగ్గింపు కలదో తేల్చును. దత్తమండలమున మన్రో దొర 1800 మొదలు 1807 వఱకు కలెక్టరుగా నుండి, ఆ కాలములో చాలభాగము డేరాలలోనే గడపెను. తుదకు గవర్నరై పర్యటించుచు 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచితో మరణించెను.

డేరా లెత్తు పనివారిని కళాసులనిరి. వారికి తోడు ఊరివారు బండ్లు కట్టవలెను, కట్టెలు కొట్టవలెను, నీళ్లు మోయవలెను, గడ్డియు పాలును తేవలెను. వెల యిచ్చుట విధియైనను అది పనివాని చేతికి చేరనిచో అడుగువా డెవడు? శిస్తు తగ్గింపునకై డేరా యెదుట చేతులు కట్టుకొని నిలిచిన రైతే, ఆ డేరాకు బండి తోలినవాడును కావచ్చును.

ఆ చేతులు వెనుకకు తీయబడిన సంవత్సరము 1921. అడవి పుల్లరులతో విసిగిన పలనాటి గ్రామములవారు, పర్యటనకు వచ్చిన యుద్యోగులకు సంభారము లియ్యక బహిష్కారము గావించిరి. ఊరివారు కదలనిచో అధికారి గుడారము ఎంత ఒంటరిదో అప్పుడు తెలిసినది. దానికి వెలయు గొప్పదే: పలువురు చెరసాలల పాలైరి, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలియయ్యెను.

ఆ 1921లోనే చీరాల-పేరాల ప్రజలు తమ యూరిపై మోపబడిన మునిసిపాలిటీని, దానితో పెరిగిన పన్నులను సహింపక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొనిరి. పరుల కొఱకు పందిళ్లు వేసిన చేతులు తమకొఱకు వేసికొన్నవి. ఎండయు వానయు సహించి రమారమి పదునొకండు నెలలు అచ్చట నిలిచిరి. నాయకుడు చెరసాలకు పోయి, ధనము కొఱవడి, తుదకు మరలి యిండ్లు చేరిరి. కోరిన ఫలము అప్పుడే చేకూరలేదు. అయినను తాత్కాలికపు పాకలలో ఒక పట్టణమంతయు మాటమీద నిలిచిన సంగతి నేటికిని చెప్పుకొనుచున్నాము.

కరణముల యుద్యోగములు 1984లో రద్దయినవి. తోపులలోని డేరాలు కథలైనవి. కాని ఆ విద్య మీ యిండ్లలో నున్నది. అకాలవర్షము వచ్చునపుడు కల్లములోని మిరపకాయలపై పట్టా కప్పి అంచులకు రాళ్లెత్తు రైతు చేయునది ఆ పనియే. ఆ పట్టాను తడి ఆఱకముందే చుట్టి మూల పడవేసిన, వచ్చునేటికి అది చిల్లులు పడి, వానతో పాటు పంటయు చేయి జాఱును.

పెద్దలకు నాదొక విన్నపము. మీ తాతలలో జమాబందీ డేరాకు బండి తోలినవారో, రాట యెత్తినవారో, రామనగరములో పాక వేసినవారో యుండిన, వారి పేరును, ఊరును, మీరు విన్న సంగతిని మనుమలచేత ఒక పుస్తకమున వ్రాయించుడు. చదువుకొన్న బాలుడు ప్రతి యింటను కలడు, చెప్పగలవారే తగ్గిపోవుచున్నారు.

సెలవు.