మెతుకు పట్టి చూస్తే రాయి తెలుస్తుందా?



అన్నం ఉడికిందో లేదో చూడాలంటే మనం గిన్నెడన్నమూ పిసికి చూడం. ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. కాని అదే గిన్నెలో ఎక్కడో ఒక రాయి ఉంటే ఆ మెతుకు చెప్పగలదా? చెప్పలేదు. పంటికిందికి వచ్చినప్పుడే తెలుస్తుంది. అందుకే బియ్యం ముందుగానే చేటలో పోసి ఏరుకుంటాం. ఇంత చిన్న సంగతి ఫ్యాక్టరీల వాళ్లు నేర్చుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టిందంటే నమ్ముతారా? నేర్చుకున్నవాళ్లలో కొందరు మళ్లీ మరిచిపోయారు కూడాను. మన పిల్లలు తలగడ పక్కన పెట్టుకుని పడుకునే ఫోను ఉందే, దాని బ్యాటరీ వెనక ఉన్న కథ ఇదే.

పూర్వం తనిఖీ అంటే సరుకంతా తయారయ్యాక చివర ఒకాయన కూర్చుని మంచివి ఇటు, చెడ్డవి అటు వేయడమే. 1924 మే నెలలో, అమెరికాలో టెలిఫోను సామాను చేసే కంపెనీలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ తన పై అధికారికి ఒక్క పేజీ కాగితం రాసిచ్చాడు. అందులో ఒక పటం గీశాడు. మధ్యన ఒక గీత, పైన ఒకటి, కింద ఒకటి. పని జరుగుతూ ఉండగానే కొలతలు తీసి ఆ పటంలో చుక్కలు పెట్టాలి. చుక్కలు ఆ గీతల మధ్య అటూ ఇటూ ఆడుతుంటే ఫరవాలేదు. ఒకే చేత్తో పోసినా దోసెలన్నీ ఒకే మందాన వస్తాయా ఏమిటి? కాని చుక్క గీత దాటిందంటే ఏదో జరిగింది. పెనమా, పిండా, వెంటనే వెతుక్కోవాలి. పదో తరగతి లెక్కలతో ఆగిపోయిన నాకే ఈ పటం అర్థమైంది, మీకెందుకు కాదు!

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ విద్య నేర్పడానికి 1942లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తరగతులు పెట్టారు. పాఠం చెప్పినవాళ్లలో ఎడ్వర్డ్స్ డెమింగ్ ఒకడు. యుద్ధం అయిపోయింది, ఎలా చేసినా సరుకు అమ్ముడుపోయే రోజులొచ్చాయి, అమెరికా కంపెనీలు చాలావరకు ఆ పటాలను అటకెక్కించాయి. అటకెక్కినదాన్ని జపాను వాళ్లు దించుకున్నారు. 1950లో అక్కడి శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల సంఘం డెమింగ్‌ను పిలిపించి ఎనిమిది రోజుల పాఠాలు చెప్పించుకుంది. పాఠాల పుస్తకం మీద వచ్చిన సొమ్ము ఆయన పుచ్చుకోకుండా వదిలేస్తే, దానితోనే 1951లో ఆయన పేర బహుమతి పెట్టారు. 1962 నుంచి యంత్రం దగ్గర నిలబడే పనివాళ్లే చిన్న చిన్న బృందాలుగా కూర్చుని, తప్పు ఎక్కడ పుడుతోందో తామే చర్చించుకోవడం మొదలైంది. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది ఇదే.

ఇందులో మనవాళ్ల చెయ్యి కూడా ఉంది సుమండీ. మహలనోబిస్ పిలుపు మీద షూహార్ట్ 1947–48లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. అక్కడే మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి వెళ్లిన సి.ఆర్. రావుగారు, తక్కువ ప్రయోగాలతో ఎక్కువ సంగతి తేల్చుకునే పట్టికల పద్ధతి కనిపెట్టారు. 1954–55లో ఆ సంస్థకు వచ్చిన జపాను ఇంజనీరు తగుచి, తర్వాత అలాంటి పట్టికలనే ఫ్యాక్టరీల్లో విరివిగా వాడించాడు.

ఇక బ్యాటరీ సంగతి. ఫోనుల్లో ఉండే లిథియం అయాన్ సెల్‌ను యోషినో 1985లో రూపొందిస్తే, 1991లో సోనీ కంపెనీ అమ్మకానికి తెచ్చింది. రాగిరేకుకు ఒక పూత, అల్యూమినియం రేకుకు ఇంకో పూత, రెంటి మధ్యా ఒక పలచని పొర పెట్టి చాపలా చుడతారు. ద్రవం పోసి మూత బిగిస్తారు. ఆ మధ్య పొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. తలవెంట్రుక కన్నా పలచన! అది చిరిగి రెండు రేకులూ కలిశాయా, నిప్పే.

తేమ కూడా దానికి గిట్టదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనిస్తామా? అలాగే ఆ గదుల్లో గాలిని ఆరబెడతారు. మనిషి ఊపిరిలోని తేమ సైతం లెక్కే గనక, గదిలో ఇంతమందే ఉండాలని నియమం పెడతారు. మూత పడ్డాక విప్పి చూద్దామంటే కుదరదు, విప్పితే పాడైపోతుంది. మొదటిసారి నెమ్మదిగా చార్జి చేసి, కొన్నాళ్లు కదపకుండా ఉంచి, బలం తగ్గిందేమో చూస్తారు. అయినా లోపల దాగిన రజను ఆ పరీక్ష దాటిపోయి, ఏడాదికో రెండేళ్లకో బయటపడవచ్చు.

సరిగ్గా అదే జరిగింది. డెమింగ్ పాఠాలు విన్న జపానులోనే, సోనీ సెల్లుల్లో సన్నటి లోహపు రజను పడి, 2006లో డెల్ కంపెనీ 41 లక్షలు, యాపిల్ 18 లక్షలు లాప్‌టాప్ బ్యాటరీలు వెనక్కి పిలవవలసి వచ్చింది. పదేళ్లకు, 2016లో, శాంసంగ్ నోట్ 7 ఫోన్లు కాలిపోయాయి. సుమారు 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచి, వేరే తయారీదారు సెల్లు పెట్టి కొత్తవి ఇచ్చారు. అవీ కాలాయి! 2 లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీలు పరీక్షించి 2017 జనవరిలో కారణం చెప్పారు. మొదటి తయారీదారు సెల్లులో ఒక మూల రేకు వంగింది. రెండో తయారీదారు సెల్లులో అతుకు దగ్గర వాడి మొనలు మిగిలాయి, కొన్నింటిలో వేయవలసిన టేపే వేయలేదు. టేపు ముక్క అండీ! ఆ తర్వాతే ఎక్స్‌రేతో సహా ఎనిమిది రకాల తనిఖీ పెట్టారు.

అందుకని సెల్ ఫ్యాక్టరీల్లో నాణ్యత చూసేవాళ్లకు ఇచ్చే శిక్షణలో పరికరాలు చదవడం ఒక భాగం మాత్రమే. ఏ సెల్ ఏ రేకుచుట్ట నుంచి, ఏ రోజు, ఏ యంత్రం మీద వచ్చిందో నంబరుతో వెనక్కి వెతికి పట్టుకోవడం నేర్పుతారు. పూత మందం గీత దాటబోతుంటే ముందే కనిపెట్టడం నేర్పుతారు. అన్నిటికన్నా కష్టమైనది, ‘ఇవాళ లెక్క పూర్తికావాలి’ అని పైనుంచి కేకలు వేస్తుంటే ‘ఆపండి’ అనడం. అది తరగతిలో నేర్పినా సరిపోదు, ఫ్యాక్టరీ ఒప్పుకోవాలి.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మే నెలలో అమరరాజా వారి లిథియం సెల్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. ఇలాంటి పనులకు ఇకముందు మన పిల్లలే వెళతారు. మీ వీధిలో డిప్లొమా చదివిన అబ్బాయో అమ్మాయో అలాంటి చోట చేరితే, జీతమెంత అని అడగండి, తప్పులేదు. దాంతోపాటు, చుక్క గీత దాటినప్పుడు పని ఆపించే హక్కు నీకిచ్చారా అని కూడా ఒక మాట అడిగి చూడండి.