హిండను తీరమున ఆటయిటుకలు

హిండను నది యమునలో కలియు తావునకు తూర్పుగా, 1991 లో ఒక ప్రభుత్వపుటుత్తరువుతో జన్మించిన గ్రేటర్ నోయిడా నగరమునకు చరిత్ర యేమున్నదని అడుగువారు పెక్కుమంది కలరు. కాస్నా, సూరజ్‌పుర్, తుగల్‌పుర్ మొదలగు ప్రాతపల్లెల పొలముల మీద, కాగితముపై గీచిన గీతలే వీథులై, ఆల్ఫా, బీటా, గామా, డెల్టా యని గ్రీకు అక్షరముల పేళ్లు పెట్టుకొన్న పేటలై, ఒక్క తరము నిండకమునుపే అంతస్తు మీద అంతస్తుగా లేచిన యీ ఊరు, పిల్లవాడు చాప మీద పేర్చిన ఆటయిటుకల పట్టణమువలె నున్నదని నాకు పలుమారు తోచినది. ఆ తలపును పట్టుకొని వెనుకకు నడచితినేని, ఇటుక, ఆటబొమ్మ, ఈ రెండును ఒకేచోట పుట్టినట్లు చూపు మిక్కిలి ప్రాచీనమైన సాక్ష్యము ఈ నదీతీరముననే లభించినది.

ఇచ్చటికి ఎగువన, అదే హిండను ఒడ్డున, మీరఠ్ జిల్లాలో ఆలంగీర్‌పుర్ అను పల్లె కలదు. 1958-59 లో భారత పురాతత్త్వ శాఖవారు వై. డి. శర్మగారి ఆధ్వర్యమున అచ్చట త్రవ్వకములు జరిపి, సింధు నాగరికతకు తూర్పుటంచున నిలిచిన యొక నివాసమును వెలికిదీసిరి. అది కుమ్మరుల పనిచోటుగా కానవచ్చినది. కుండలు, పళ్లెములు, పూసలు, ఘనాకారపు పాచికలు, మట్టిబండ్లు, మూపురము గల ఎద్దుబొమ్మ, పాముబొమ్మ దొరికినవి. వానితోపాటు కాల్చిన ఇటుకలును దొరికినవి. వాని పొడవు 11¼ మొదలు 11¾ అంగుళములు, వెడల్పు 5¼ మొదలు 6¼, మందము 2½ మొదలు 2¾. అనగా పొడవులో ఇంచుమించు సగము వెడల్పు, వెడల్పులో ఇంచుమించు సగము మందము. 4:2:1 అను ఈ నిష్పత్తియే హరప్పా మొహెంజొదారోల గోడలయందును కానవచ్చునది. దీని మర్మము తాపీపని వారిని అడిగినచో వెంటనే చెప్పుదురు: పొడవున పరచిన ఒక ఇటుక మీద అడ్డముగా రెండిటుకలు సరిగా కూర్చుండును, క్రింది వరుసలోని అతుకు మీద పై వరుస ఇటుక నడుము పడును, గోడ ఎంత దూరము సాగినను, ఎన్నిమార్లు మూల తిరిగినను, ఇటుకను పగులగొట్టవలసిన అవసరము మిక్కిలి అరుదుగా కలుగును. ఒక్క కొలతను అందరును అంగీకరించుటచేత, ఒకరినొకరు ఎన్నడును చూడని ఊళ్లవారు సయితము ఒకే విధమైన గోడలు కట్టగలిగిరి.

ఆ కాలపు మట్టిబండిని గూర్చియు ఒక మాట చెప్పవలసియున్నది. దాని చట్రము వేరు, చక్రములు వేరు. నడుమనుండిన కట్టెయిరుసు కాలక్రమమున నశించి, మట్టిలో కాల్చిన భాగములు మాత్రము మనకు మిగిలినవి. బండిని ఆడుకొనవలెనన్న ముందుగా దానిని కూర్చుకొనవలెను. కావున కొన్నివేల యేండ్లకు పూర్వమే ఈ దేశపు బాలునికి, తయారైన బొమ్మను చేతికందుకొనుట మాత్రమే గాక, భాగములను జతచేసి బొమ్మను తానే నిలుపుకొనుట యను సంతోషము తెలిసియుండెనని నేను నమ్ముచున్నాను.

ఇంత ప్రాచీనమైన ఆ నిష్పత్తి, సింధు నగరముల పేరైనను లోకమునకు తెలియని కాలమున, జర్మనీలో ఒక విద్యావేత్త చేతులలో మరల వెలయుట నాకు మహాశ్చర్యమును కలిగించు విషయము. 1837 లో బాద్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్నపట్టణమున పసిపిల్లల ఆటవిద్యకు నాంది పలికిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్, తాను కూర్చిన కొయ్య ఆటవస్తువులకు ‘కానుక’లని పేరు పెట్టెను. వానిలో నాలుగవది రెండంగుళముల ఘనము. దానిని కోసిన ఎనిమిది ముక్కలలో ప్రతిదియు 2 అంగుళముల పొడవు, 1 అంగుళము వెడల్పు, అర అంగుళము మందము కలది. అదే 4:2:1! ఇటుకకు సహజమైన అందమును వెదకిన కన్నులు ఎక్కడివైనను ఒక్కచోటికే చేరుననుటకు ఇంతకంటె నిదర్శనము నాకు దొరకలేదు. ఫ్రోబెల్ నియమము కూడ చక్కనిది: పెట్టెలోని ముక్కలన్నియు వాడవలెను; కట్టినదానిని కూలద్రోయక, ఒక్కొక్క ముక్కను జరుపుచు బల్లను బావిగా, బావిని మెట్లుగా మార్చవలెను; ఆట ముగిసిన పిమ్మట మరల సంపూర్ణమైన ఘనముగా పెట్టెలో నిలుపవలెను. అమెరికా వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ తన బాల్యమున ఈ కొయ్యముక్కలతో ఆడుకొన్న అనుభవమును వృద్ధాప్యము వరకు స్మరించుచుండెను.

కొయ్యముక్కలకు ఒక లోపము కలదు, అవి పట్టుకొనవు. మోచేయి తగిలిన కోట కూలును. 1880 ల నుండి రుడోల్‌స్టాట్ పట్టణమున రిక్టర్ అను వర్తకుడు ఇసుక, సుద్ద, అవిసెనూనె కలిపి చేసిన రాతియిటుకలు బరువుచేత కొంత నిలిచినను, ఆ లోపము తీరలేదు. దానిని తీర్చుటకు ప్లాస్టిక్కు రావలసివచ్చెను.

ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అను ఆయన, బాలుర ఆటలను ప్రేమతో పరిశీలించి, 1940 లలో తలమీద బుడిపెలు గల బోలు ఇటుకలను కిడ్డీక్రాఫ్ట్ పేరిట అమ్మించెను. డెన్మార్కు దేశపు బిల్లుండ్ గ్రామమున, 1932 నుండి కొయ్యబొమ్మలు చేయుచుండిన ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి, ఆ ఇటుకల నమూనాను చూచి, అంగుళముల కొలతను మిల్లీమీటర్లలోనికి మార్చి, మూలలు తీర్చి, బుడిపెల తలలు చదును చేసి, 1949 లో తన ఇటుకలను వెలువరించెను. నేడు లోకమంతయు లెగో యని పిలుచునది దాని సంతతియే. పేజ్ 1957 లో గతించెను. ఆ ఇటుకపై హక్కులను డెన్మార్కువారు కొనుట 1981 లో గాని జరుగలేదు. లెగో ఘనతను చెప్పు ప్రతి రచనయందును ఈ ఆంగ్లేయుని పేరు ఉండితీరవలెనని నా దృఢమైన అభిప్రాయము.

అయినను, బిల్లుండ్ వారి స్వంతమైన కల్పన ఒకటి కలదు, అది చిన్నది కాదు. తొలినాటి ఇటుకలు బోలుగా నుండుటచేత ఒకదానిపై నొకటి నిలిచినను, ఎత్తి పట్టుకొన్నచో జారిపోవుచుండెను. ఓలే కుమారుడు గాడ్‌ఫ్రెడ్, ఇటుక లోపల మూడు గొట్టములను నిలిపి, క్రింది ఇటుక బుడిపెలు ఆ గొట్టములకును గోడలకును నడుమ బిగిసి కూర్చుండునట్లు చేసి, 1958 జనవరి 28 న పేటెంటుకు అర్జీ పెట్టెను. ఇచ్చట ఆలంగీర్‌పుర్‌లో పలుగుపార దిగిన సంవత్సరమే అది! బుడిపెకును బుడిపెకును నడుమ 8 మిల్లీమీటర్లు. ఎనిమిది బుడిపెల ఇటుక పొడవు 31.8, వెడల్పు 15.8, ఎత్తు 9.6. పొడవు వెడల్పుల పొందిక ప్రాచీనమైనదే. ఎత్తు మాత్రము కొంచెము హెచ్చు. అట్టి ఇటుకలు ఆరింటిని 91,51,03,765 విధములుగా కూర్పవచ్చునని కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయపు గణితశాస్త్రజ్ఞుడు సోరెన్ ఐలర్స్ లెక్కకట్టెను. నాటి ఇటుక నేటి ఇటుకతో నేటికిని కలియును.

పట్టుకొనుటయే గొప్ప కాదు. మన కొండపల్లి బొమ్మను చూడుడు. తెల్లపొణికి కొయ్యను సన్నని సెగపై ఆరబెట్టి, చేతులు, తలపాగా, కొమ్ములు వేర్వేరుగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, రంగులు దిద్దుదురు. భాగములను కూర్చుటయందు ఆ ఆర్యక్షత్రియ శిల్పుల నేర్పు అనన్యసామాన్యము. అయితే మక్కుతో అతికినది శాశ్వతము. అంబారీయేనుగు ఎన్నటికిని అంబారీయేనుగే. గాడ్‌ఫ్రెడ్ ఇటుక బిగిసి పట్టుకొనును, అడిగినంతనే విడిచిపెట్టును. ఈ విడిచిపెట్టుటయందే దాని ప్రాణమున్నది.

ఈ రెండు విద్యలును ఒకేచోట కలిసి పనిచేయుటను నేను గ్రేటర్ నోయిడాలోనే చూచితిని. గామా సెక్టారులో ఒక తెలుగువారి యింట దసరా బొమ్మల కొలువు. పై మెట్లమీద దశావతారములు, పెండ్లిబొమ్మలు, ఏటికొప్పాక లక్కపిడతలు ఎప్పటివలెనే కొలువుదీరియుండగా, క్రింద నేలమీద పళ్లెములో మట్టి పోసి ఆవాలు మొలకెత్తించిన పచ్చని చేలచుట్టును, ఆ యింటి బాలుడు ఆటయిటుకలతో ఊరు కట్టుచుండెను: స్తంభములపై మెట్రో దారి, ఒక కూడలి, ఊరిలోనికి ఒక స్వాగతద్వారము. కొండపల్లి ఎడ్లబండిని ఆ ద్వారమున నడిపింపబోగా చక్రములు అడ్డుపడినవి. బండి చక్రము చిన్నది కానేరదు. వాడు క్షణమైన ఆలోచింపక, ద్వారపు పైవరుసను ఊడదీసి, రెండువైపుల స్తంభములను నాలుగేసి బుడిపెలు జరిపి, పొడవైన పలకతో పైకప్పు మరల బిగించెను; బండి లోనికి పోయెను. పిమ్మట తలయెత్తి, “అమ్మమ్మా, రావణుణ్ణి ఎక్కడ పెట్టను?” అని యడిగెను. “బిస్రఖ్‌లో పుట్టాడంటారు కదరా నాన్నా, మన పక్క ఊరే. అక్కడో ఇల్లు కట్టి పెట్టు” అని ఆమె యనెను.

ఆ పెద్దామె మాట ఉత్తది కాదు. గ్రేటర్ నోయిడా పశ్చిమభాగములోని బిస్రఖ్ గ్రామము రావణుని తండ్రియగు విశ్రవసుని స్థానమని స్థలైతిహ్యము. ఉత్తరదేశమున పెక్కుచోట్ల దసరానాడు రావణుని కాల్చుచుండగా, ఆ ఊరివారు ఆ ఆచారమును పాటింపక పోవుట చిరకాలముగా ప్రసిద్ధము. దేశాంతరమునుండి తెచ్చుకొన్న కొలువులో స్థానికమైన కథకు ఇల్లు కట్టి చోటిచ్చిన యా అమ్మమ్మయు మనుమడును, ఇటుకలాటలో కథావస్తువునకు గల స్థానమెట్టిదో నాకు స్పష్టముగా చూపిరి.

ఆటయిటుకలకు కథ తోడగుట మొదట మంచి ఉద్దేశముతోనే జరిగినది. 1955 లో బిల్లుండ్‌వారు వీథులు గీచిన పటముపై ఇండ్లు నిలుపు పట్టణపు పెట్టెలను ప్రవేశపెట్టిరి. 1978 లో కాలుసేతులు కదలించు చిన్న మనుష్యబొమ్మలు వచ్చి, పట్టణము, కోట, ఆకాశయానము అను మూడు లోకములు తెరచుకొన్నవి. 1999 నుండి చలనచిత్రముల కథలు పెట్టెలలోనికి దిగినవి. అప్పటినుండి పెట్టెమీద ముద్రించిన బొమ్మ ఎట్లున్నదో అట్లే కట్టి, అరలో అలంకారముగా నిలిపి, మరల ముట్టుకొనకుండుట పెరిగినది. విడిపోవుటకై పుట్టిన ఇటుకను ఈ విధముగా మక్కు పెట్టి అతికినట్లు చేయుట దానికి అపచారమని నా బాధ. మన కొలువు సంప్రదాయమున ఏటేట అవే బొమ్మలు పెట్టెలోనుండి వెలువడును గాని, ఏ యేటి కథ ఆ యేటిదే. ఒకనాడు సీతాకల్యాణము, మరొకనాడు సంత, ఇంకొకనాడు పల్లెటూరి తీర్థము.

ఇప్పుడు ఈ నేలమీదనే ఆటబొమ్మల పరిశ్రమ పాదుకొనుచున్నది. గ్రేటర్ నోయిడా ఒమేగా-1 సెక్టారున కార్యాలయము గల యమునా ఎక్స్‌ప్రెస్‌వే ప్రాధికార సంస్థ, తన సెక్టారు 33 లో సుమారు 100 ఎకరములను బొమ్మల కర్మాగారములకై ప్రత్యేకించినది. దీనికి కారణములు స్పష్టములు: విదేశపు బొమ్మలపై దిగుమతి సుంకమును 2020 లో నూటికి 20 నుండి 60 కి, 2023 లో 70 కి పెంచిరి, 2021 జనవరి 1 నుండి భారత ప్రమాణముల ముద్ర లేని బొమ్మను అమ్మరాదని శాసించిరి. సుంకము అంగడిని కాపాడగలదు. మంచి ఇటుకను చేయజాలదు. ఉక్కుతో కోసిన అచ్చులోనికి కరిగిన ప్లాస్టిక్కును బలముగా నెట్టునపుడు, మిక్కిలి స్వల్పమైన తేడా వచ్చినను, ఇటుక జారిపోవును, లేదా పసివాని వ్రేళ్లకు ఊడిరాక ఏడిపించును. ఈ వృత్తియందు నైపుణ్యమంతయు అచ్చు కోయువాని చేతిలోనున్నది. అట్టివారిని తయారుచేయు శిక్షణశాలలు నేలకంటెను ముందుగా కావలసినవి.

కొలత విషయమున ఎవరి అనుమతియు అక్కరలేదు. మూలపేటెంటుల గడువు ఏనాడో తీరినది. కెనడా సర్వోన్నత న్యాయస్థానము 2005 లోను, ఐరోపా న్యాయస్థానము 2010 లోను, బుడిపెల ఇటుక ఆకృతి ఒక్కరి వ్యాపారచిహ్నము కాజాలదని తీర్పుచెప్పినవి. ఆలంగీర్‌పుర్ కుమ్మరుల 4:2:1 వలెనే ఈ 8 మిల్లీమీటర్లును లోకమునకు ఉమ్మడిసొత్తు. అన్యులకు చెందినవి పేళ్లు, మనుష్యబొమ్మల రూపములు, చలనచిత్రముల కథలు. వానిని అనుకరించి అంగడికెక్కించుట అన్యాయము, అంతకుమించి అనవసరము, ఏలయన సెక్టారు 33 కు చేరువనే దనకౌర్‌లో ద్రోణాచార్యుని పేర వెలసిన ఆలయము కలదు, మట్టితో గురువును మలచుకొని విలువిద్య నేర్చిన ఏకలవ్యుని కథను అచ్చటివారు తమ ఊరి కథగా చెప్పుకొందురు, బిస్రఖ్ కలదు, ఎగువన మూపురపుటెద్దును, మట్టిబండిని చేసిన కుమ్మరుల ఊరు కలదు.

ఆ కర్మాగారములవారు మొదటి అచ్చు కోయించుటకు ముందు కొండపల్లి శిల్పులను పిలిపించి, వారి ఎడ్లబండి చక్రముల నడుమ వెడల్పును కొలిచి, ఆ బండి సులువుగా దూరగల ఊరిద్వారమునకు ఎన్ని ఇటుకలు, ఎంత పొడవు పలక కావలెనో లెక్కవేసి, నమూనాపటము లేకుండ, ఇటుకలును బండియు మాత్రముండు ఒక దసరాపెట్టెను తయారుచేయింతురేని, దానిని కొనుటకు ఈ నగరమున నేనెరిగిన ఇండ్లే పెక్కు కలవు.