గోడ మీద ఎవరి తస్వీర్?

మా నానీ నమాజ్ చదివే గదిలో మనిషి తస్వీర్ ఉండనిచ్చేది కాదు. క్యాలెండర్ మీద నెహ్రూ ఉన్నా, ఫ్రేములో మా నానా ఉన్నా, జానమాజ్ పరిచే ముందు లేచి వెళ్ళి దాన్ని గోడవైపు తిప్పి వచ్చేది. "తస్వీర్ ఖాలీ నహీ రహతీ బేటా, అదబ్ మాంగ్తీ హై" అనేది. అది మజ్హబ్ విషయం అనుకుని వదిలేశాను. అందులో సియాసత్ కూడా ఉందని అమెరికా కబుర్లు చదవడం మొదలుపెట్టాకే తెలిసింది.

ట్రంప్ అనగానే మన ఇళ్ళలో వీసాల మాట వస్తుంది, ఫలస్తీన్ మాట వస్తుంది. బొమ్మల మాట రాదు. కానీ ఆయన రెండు హుకూమత్‌లలోనూ బొమ్మల మీద పెద్ద ఝగడాయే నడిచింది. 'నేనే అవామ్, అవామ్ మాటే నా మాట' అనే లీడర్‌కి ఆ అవామ్ ఎవరో, వాళ్ళ పెద్దలు ఎవరో తేల్చి చూపించే గోడ ఒకటి కావాలి. ఆ గోడ మీద తమకూ హక్ ఉందని నల్లజాతి ముసవ్విర్లు అన్నారు. దాస్తాన్ అంతా అదే.

2017 జనవరి 27న ట్రంప్ ఒక ఫర్మానా మీద దస్తఖత్ పెట్టాడు. ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సూడాన్, సిరియా, యెమెన్ దేశస్తులు తొంభై రోజులు అమెరికాలో అడుగు పెట్టకూడదు. వారం తిరిగేలోపు న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఒక రాత్రి కొన్ని చిత్రాలు గోడ దిగాయి. పికాసో, మతీస్‌ల చిత్రాలూ వాటిలో ఉన్నాయి. వాటి జాగాలో ఆ ముల్కులకు చెందిన కళాకారుల పని పెట్టారు. ప్రతిదాని పక్కనా ఒక చిట్టీ: దీన్ని చేసిన మనిషి దేశం వాళ్ళకు సదర్ ఫర్మానా వల్ల ఇక్కడికి ఇజాజత్ లేదు అని.

అలా గోడెక్కిన వాటిలో చిన్న ఆయిల్ పెయింటింగ్ ఒకటి ఉంది. పేరు 'మసీదు'. 1964 నాటిది. వేసినవాడు సూడాన్ ముసవ్విర్ ఇబ్రాహీం అల్-సలాహి.

ఆయన గురించి కాస్త ఆగి చెప్పాలి. 1930లో ఓందుర్మాన్‌లో పుట్టాడు. అబ్బాజాన్ ఇంట్లోనే పిల్లలకు ఖురాన్ చదువు చెప్పేవాడు. చెక్క తఖ్తీ మీద ఆయత్ రాయడం, కడిగేయడం, మళ్ళీ రాయడం: సలాహికి చెయ్యి తిరిగింది అక్కడే. తర్వాత లండన్‌లో స్లేడ్ స్కూల్లో చదివాడు. తిరిగి వచ్చి ఖార్తూమ్‌లో చిత్రాలు పెడితే సొంత జనానికే అవి అందలేదు. వీళ్ళ ఇళ్ళలో గోడల మీద ఏముంటుంది అని వెతుక్కుంటూ వెళ్తే మళ్ళీ ఆ తఖ్తీ దగ్గరికే, ఖత్తాతీ దగ్గరికే వచ్చాడు. అలిఫ్ నిలువు గీత మనిషి అయింది, నూన్ గుండ్రం కడుపు ముఖం అయింది. మన నానీలు చూసి ఉంటే ఇది హర్ఫా, తస్వీరా అని తేల్చుకోలేక వదిలేసేవాళ్ళేమో.

1975లో సూడాన్‌ను ఏలుతున్నది జాఫర్ నిమేరీ, ఫౌజీ తిరుగుబాటుతో గద్దెనెక్కినవాడు. సలాహి అప్పుడు సర్కారులోనే, సంస్కృతి శాఖలో పెద్ద ఓహదాలో ఉన్నాడు. తఖ్తా పలట్ సాజిష్‌లో చెయ్యుందని పట్టుకెళ్ళి ముకద్దమా లేకుండా ఆరు నెలలు కోబర్ జైల్లో పెట్టారు. అక్కడ కాగితం, పెన్సిల్ మనా. దొరికిన చిన్న చిన్న కాగితం ముక్కల మీద గీసి, అడుగుల చప్పుడైతే ఇసుకలో పాతిపెట్టేవాడు. ఒక ముక్క పక్కన ఇంకో ముక్క చేర్చి పెద్ద చిత్రం చేసే ఆయన తరీఖా ఆ ఇసుకలోంచి వచ్చిందే. 2013లో లండన్‌లోని టేట్ మోడర్న్ ఆయన జీవితకాలపు పనినంతా ఒకచోట పెట్టి చూపింది.

న్యూయార్క్ మ్యూజియం చేసిన పనికి అప్పట్లో అందరూ షాబాష్ అన్నారు, నేనూ అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఆ 'మసీదు' అప్పటికే మ్యూజియం సొత్తు. సొంత సామాన్‌ను ఆ గోడకు ఎక్కించడానికి ఒక నిషేధం రావాల్సి వచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో ఝగడా మ్యూజియం దాటి చౌరస్తాకు వచ్చింది. దానికి కొంచెం తారీఖ్ కావాలి. అమెరికా అంతర్యుద్ధం గులామీ మీద జరిగింది. గులామీని కాపాడుకోవాలన్న దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి, వర్జీనియాలోని రిచ్‌మండ్‌ను రాజధాని చేసుకున్నాయి. 1865లో ఓడిపోయాయి. కానీ వాళ్ళ సిపాహ్‌సాలార్ రాబర్ట్ లీ కంచు బుత్ గుర్రం మీద రిచ్‌మండ్‌లో లేచింది 1890లో. ఇంకో జనరల్ స్టూవర్ట్ బుత్ 1907లో. ఈ రెండిటికీ నడుమ, 1902లో వర్జీనియా కొత్త రాజ్యాంగం రాసుకుని నల్లవాళ్ళ ఓటును దాదాపు ఊడబెరికింది. దగ్గర్లోని షార్లట్స్‌విల్‌లో నల్లవాళ్ళుండే మెకీ రో అనే వాడను కూల్చి పార్కు చేసి, 1921లో అక్కడ స్టోన్‌వాల్ జాక్సన్ బుత్ పెట్టారు. 1924లో లీ బుత్ ఇంకో పార్కులో. జంగ్‌లో చచ్చినవాళ్ళ యాద్ కోసమైతే ఇన్నేళ్ళు ఆగనక్కర్లేదు. బతికున్న నల్లవాళ్ళకు 'మీ జాగా ఇదీ' అని చెప్పడానికి పెట్టినవి ఇవి. నానీ అన్న అదబ్ ఇదే.

1890లోనే రిచ్‌మండ్‌లో ఒక నల్లజాతి పత్రికా ఎడిటర్, జాన్ మిచెల్ జూనియర్, గులామీలో పుట్టినవాడు, తన పేపర్‌లో రాశాడు: ఈ బుత్‌ను నిలబెట్టడంలో నల్లవాడి చెయ్యి ఉంది, వఖ్త్ వస్తే దించడానికీ వాడే ఉంటాడు అని. ఆ మాట ఎక్కడా మరచిపోకండి.

2017లో షార్లట్స్‌విల్ నగరం లీ బుత్‌ను తీసేస్తామంటే, ఆగస్టు 11 రాత్రి తెల్లజాతి గురూర్ నెత్తికెక్కినవాళ్ళు కాగడాలు పట్టుకుని జులూస్ తీశారు. మర్నాడు వాళ్ళలో ఒకడు విరోధుల గుంపు మీదికి కారు తోలి ఒక యువతిని చంపాడు. రెండు పక్షాల్లోనూ చాలా మంచి మనుషులున్నారని ట్రంప్ అన్నాడు. ఇన్సాఫ్‌గా చెప్పాలంటే, నాజీలను ఉద్దేశించి కాదని కూడా అదే సమావేశంలో అన్నాడు. కానీ రెండు రోజుల తర్వాత ఆయన అఫ్సోస్ పడింది ఆ అందమైన బుత్‌లు పోతున్నాయని.

ఇక్కడ ముసవ్విర్లు ఏం చేశారన్నది నాకు అసలు విషయం. రిచ్‌మండ్‌లో స్టూవర్ట్ బుత్‌ను చూసి వెళ్ళిన కెహిండే వైలీ అదే గుర్రాన్ని, అదే వైఖరిని తీసుకుని, సవారీని మార్చాడు. చిరుగుల జీన్స్, హుడీ, నైకీ బూట్లు, జడలు ముడేసిన ఒక మామూలు నల్ల కుర్రాడు. 'రూమర్స్ ఆఫ్ వార్' అని పేరు. 2019 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నిలబెట్టి, డిసెంబరులో రిచ్‌మండ్ మ్యూజియం ముందుకు తెచ్చారు. ఆ మ్యూజియం పక్కనే ఉంది, ఒకప్పుడు ఊరూరా ఆ పాత బుత్‌లు పెట్టించిన దక్షిణాది ఆడవాళ్ళ సంఘం దఫ్తర్. హమ్‌సాయాలయ్యారన్నమాట.

2020లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలు చంపాక బుత్‌లు వరసగా దిగాయి. స్టూవర్ట్ ఆ జులైలో దిగాడు. లీని 2021 సెప్టెంబరు 8న దించారు. దించిన కంపెనీ యజమాని డెవాన్ హెన్రీ, నల్లజాతి కాంట్రాక్టర్. జాన్ మిచెల్ మాట నెరవేరడానికి 131 ఏళ్ళు పట్టింది.

షార్లట్స్‌విల్ లీ 2023లో కొలిమిలో కరిగిపోయాడు. జాక్సన్ కథ వేరు. ఆ బుత్‌ను కారా వాకర్ అనే కళాకారిణికి అప్పగించారు. ఆమె పదమూడేళ్ళప్పుడు కాలిఫోర్నియా నుంచి జార్జియాలోని స్టోన్ మౌంటెన్‌కు వచ్చింది. అక్కడ కొండకే గుర్రాల మీద లీ, జాక్సన్‌లను చెక్కి ఉంచారు. 1915లో కూ క్లక్స్ క్లాన్ మళ్ళీ పుట్టింది ఆ కొండ మీదే. ఆ నీడలో పెరిగిన పిల్ల చేతికి జాక్సన్ దొరికాడు. గుర్రాన్నీ మనిషినీ కోసి, ముక్కలను తలకిందులుగా మళ్ళీ అతికింది. కాళ్ళెక్కడో, తలెక్కడో, సవారీ చేస్తున్నదెవరో తెలియని ఒక భూతం తయారైంది. 2025 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో దాన్ని చూపించారు. వైలీ గుర్రం నాకు ఖుషీ ఇచ్చింది, వాకర్ గుర్రం నిద్ర పాడు చేసింది. ఏది గొప్పదంటే రెండోదే అంటాను. బుత్ మీద సవారీ మారినా గుర్రం అలాగే ఉంటుంది కదా. ఆమె గుర్రాన్నే ఉంచలేదు.

సరిగ్గా అదే నెలలో వాషింగ్టన్‌లో ఇంకో బుత్ తిరిగి లేచింది. 2020లో జనం కూలదోసిన ఆల్బర్ట్ పైక్ అనే కాన్ఫెడరేట్ జనరల్‌ను సర్కారు బాగు చేయించి మళ్ళీ నిలబెట్టింది. 2025 మార్చి 27 ఫర్మానా తర్వాతి కథ ఇది. అమెరికా తారీఖ్‌కు సచ్చాయీ, అక్ల్ తిరిగి తెస్తామని ఆ ఫర్మానా పేరు. స్మిత్‌సోనియన్ మ్యూజియంల మీద నిఘా పెట్టమంది. శిల్పకళ మీద ఒక ప్రదర్శనను తప్పుపట్టింది. దాని ఖసూర్ ఏమిటంటే నస్ల్ అన్నది ఒంట్లో లేదు, సమాజం కట్టిందే అని చెప్పడం. ఆఖరీ ఖుత్బా విన్న ఉమ్మత్‌కి ఇది కొత్త మాట కాదు. అయినా మన రిష్తా ప్రకటనల్లో 'గోరీ లడ్కీ' అని రాయడం మానలేదనుకోండి. ఆగస్టులో ట్రంప్ నేరుగా అన్నాడు, ఈ మ్యూజియంలు గులామీ ఎంత చెడ్డదో అన్నదే చెబుతున్నాయని. పాఠాల్లోంచి మొఘలుల పేజీలు పోయిన ముల్క్‌లో ఉన్న మీకు దీన్ని నేను విడమర్చనక్కర్లేదు.

ఆమీ షెరాల్డ్ మనుషుల చర్మాన్ని నలుపులో వేయదు, గోధుమలో వేయదు, బూడిద రంగులో వేస్తుంది. రంగు చూసి మనిషిని లెక్కగట్టే కంటికి ఆ లెక్క కుదరనివ్వదు. 2018లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఆమె వేసిన మిషెల్ ఒబామా తస్వీర్ ముందు ఒక రెండేళ్ళ నల్ల పాప నోరు తెరిచి నిలబడిపోయిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. 2025 సెప్టెంబరులో అదే గ్యాలరీలో షెరాల్డ్ సొంత ప్రదర్శన జరగాలి. సమకాలీన నల్లజాతి స్త్రీకి అక్కడ అదే మొదటిదయ్యేది. అందులో ఒక చిత్రం, స్వేచ్ఛా విగ్రహం వేషంలో ఒక ట్రాన్స్ మహిళ. దాని మీద లోపల తర్జనభర్జన మొదలైందని తెలిసి, జులైలో షెరాల్డ్ ప్రదర్శన మొత్తాన్నే వాపస్ తీసుకుంది. చిత్రాన్ని తీయమనలేదు, పక్కన ఒక వీడియో పెడదామన్నాం అంది స్మిత్‌సోనియన్. ఆ చిత్రం మీద మన ఇళ్ళలో రాయ్ ఒక్కటిగా ఉండదని నాకు తెలుసు. నేను చూసింది ఇంకోటి. అంత పెద్ద గోడ దొరికినా, ఒక్క మనిషిని దింపే షర్తు మీద వద్దంది. ఆ చిత్రాలు బాల్టిమోర్‌కు వెళ్ళాయి.

చివరిగా ఒక పాటగత్తె. రియానన్ గిడెన్స్. 2025 ఫిబ్రవరిలో ట్రంప్ వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటర్‌కు తానే ఛైర్మన్ అయ్యాక, ఆమె మేలో అక్కడ జరగాల్సిన తన కచేరీని ఊళ్ళోనే ఇంకో హాలుకు మార్చుకుంది. ఆమె మైకేల్ ఏబెల్స్‌తో కలిసి కట్టిన 'ఒమర్' అనే ఆపెరాకు 2023లో పులిట్జర్ వచ్చింది. ఆ ఒమర్ మనవాడే. ఒమర్ ఇబ్న్ సయీద్, నేటి సెనెగల్ ప్రాంతంలోని ఫుటా తోరో ఆలిమ్. 1807లో గులాంగా షార్లస్టన్ రేవులో దిగాడు. 2022లో ఆపెరా మొదట ఆడింది కూడా ఆ ఊళ్ళోనే. 1831లో తన కథను అరబ్బీలో రాసుకున్నాడు. చర్చిలో బాప్తిస్మం ఇచ్చారు, దిల్‌లో ఏముందో అల్లాకే ఎరుక. గులాంగానే చనిపోయాడు.

తన భాషా, అరబ్బీ కూడా చాలా మరచిపోయానని అందులో మాఫీ అడుగుతాడు. అయినా కథకు ముందు ఒక సూరా రాశాడు, యాద్ ఉన్నంత మేరకు. ముల్క్ ఎవరి చేతిలో ఉందో చెప్పే సూరా ముల్క్. తనను కొన్న యజమాని ఇంట్లో కూర్చుని.

ఆ కితాబు ఇప్పుడు అమెరికా కాంగ్రెస్ లైబ్రరీలో ఉంది. పేజీలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారు, ఎవరైనా చూడొచ్చు. మొన్న ఇషా అయ్యాక మా చిన్నదానికి చూపించాను. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో నేనింకా చెప్పకముందే స్క్రీన్ మీద వేలు పెట్టి 'తబారక' అని చదువుకుంటూ పోయింది.