జర్మనీలో ఉద్యోగుల విద్యుత్ సైకిళ్ల లీజు విధానం: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉద్యోగి తనకు నచ్చిన విద్యుత్ సైకిలును యజమాని ద్వారా లీజుకు తీసుకుని, దాని వాయిదాను స్థూల వేతనం నుంచి చెల్లించే పద్ధతి 2012 తర్వాత జర్మనీలో బాగా వ్యాపించింది. రవాణా సంస్కరణగా, పర్యావరణ హితమైన సౌకర్యంగా దీనికి పేరు వచ్చింది. అయితే ఈ పద్ధతికి మూలం రవాణా చట్టంలో లేదు. కంపెనీ కార్ల కోసం ఏర్పడిన పన్ను నిబంధనలో ఉంది. ఆ పుట్టుకే దీని విస్తరణకూ, ఇందులోని అసమానతలకూ కారణమని నిరూపించడం ఈ వ్యాస ముఖ్యోద్దేశం.

కీలక పదాలు: విద్యుత్ సైకిలు, లీజు, వేతన మార్పిడి, ఒక శాతం నిబంధన, సామాజిక బీమా, ఉమ్మడి వేతన ఒప్పందం.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ‘బైక్’ అంటే మోటారు సైకిలే. ఐరోపాలో ఆ మాటకు ప్రధానార్థం తొక్కే సైకిలు. ఈ వ్యాసంలో విద్యుత్ సైకిలు అంటే పెడల్ తొక్కుతున్నప్పుడు మాత్రమే మోటారు సాయం అందే వాహనం. పెద్ద ఎత్తున తయారైన ఇటువంటి తొలి సైకిలును జపాన్‌లో యమహా సంస్థ 1993లో విడుదల చేసింది. ఐరోపాలో దీని వ్యాప్తి తర్వాతి దశాబ్దంలో మొదలైంది.

యజమాని సమకూర్చే సైకిలును జర్మన్ భాషలో ‘డీన్‌స్ట్‌రాడ్’ అంటారు. ‘ఉద్యోగపు సైకిలు’ అని దీని అర్థం. ‘ఉద్యోగపు కారు’ అనే పాత మాటను అనుసరించి ఏర్పడిన పదమిది. మాట ఏ దారిన వచ్చిందో విధానమూ అదే దారిన వచ్చింది.

2. కారు కోసం పుట్టిన నిబంధన:

జర్మనీలో కంపెనీ కారు చాలాకాలంగా ఉన్నతోద్యోగి హోదాకు గుర్తు. యజమాని ఇచ్చిన కారును ఉద్యోగి సొంత పనులకు కూడా వాడుకుంటే, ఆ వాడకం ఒక రకమైన ఆదాయమే అవుతుంది. దాని విలువ కట్టేందుకు 1996 నుంచి ‘ఒక శాతం నిబంధన’ అమలులోకి వచ్చింది. కారు జాబితా ధరలో నెలకు ఒక శాతాన్ని ఉద్యోగి ఆదాయంగా లెక్కించి దానిపై పన్ను వేస్తారు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో లెక్క రాయనవసరం లేకపోవడం ఈ నిబంధనలోని సౌలభ్యం. ఇంటి నుంచి కార్యాలయానికి కారులో వెళ్లివస్తే, దూరాన్ని బట్టి మరికొంత మొత్తాన్ని ఆదాయానికి కలుపుతారు.

సైకిలుకు ఇటువంటి ఏర్పాటు లేదు. 2008లో ఫ్రైబుర్గ్ నగరంలో ఉల్‌రిష్ ప్రెడిగర్ ‘లీజ్‌రాడ్’ అనే సంస్థను స్థాపించారు. తర్వాత ఇదే ‘జాబ్‌రాడ్’గా ప్రసిద్ధి పొందింది. కంపెనీ కారుకు ఉన్న పన్ను సౌలభ్యం కంపెనీ సైకిలుకు కూడా ఉండాలన్నది ఆ సంస్థ వాదన. కొత్త రాయితీ కోరడం కంటే పాత రాయితీలో సమాన వాటా కోరడం రాజకీయంగా తేలిక. ఈ వాదనకు బలం చేకూరింది అక్కడే.

3. 2012 నాటి ఉత్తర్వు:

జర్మనీలోని రాష్ట్రాల ఆర్థిక శాఖలు 2012 నవంబరు 23న ఒక ఉమ్మడి ఉత్తర్వు వెలువరించాయి. ఒక శాతం నిబంధన సైకిళ్లకు, విద్యుత్ సైకిళ్లకు కూడా వర్తిస్తుందని, అదీ ఆ సంవత్సరం జనవరి 1 నుంచే వర్తిస్తుందని అందులో పేర్కొన్నాయి. పార్లమెంటులో చర్చ జరిగి చట్టం రాలేదు. పన్ను అధికారుల వ్యాఖ్యానంతోనే ఒక కొత్త విపణికి తలుపులు తెరుచుకున్నాయి.

ఈ ఉత్తర్వు ఫలం ఏ వాహనానికి ఎంత అందాలన్నది మరో నిర్వచనంపై ఆధారపడింది. గంటకు 25 కిలోమీటర్ల వేగం వరకే మోటారు సాయపడుతూ, దాని నిరంతర సామర్థ్యం 250 వాట్లకు మించకపోతే ఆ వాహనాన్ని చట్టం సైకిలుగానే చూస్తుంది. దానికి లైసెన్సు గాని, బీమా పలక గాని అక్కర్లేదు. కార్యాలయ ప్రయాణానికి కారుకు కలిపే అదనపు మొత్తాన్ని దీనికి కలపరు. గంటకు 45 కిలోమీటర్ల వరకు సాయమందించే వేగవంతమైన రకం మాత్రం మోటారు వాహనాల కోవలోకి వస్తుంది. దానికి ఆ అదనపు లెక్క తప్పదు. లీజులలో మొదటి రకానికి ఆదరణ పెరగడానికి పన్ను గీసిన ఈ గీత కూడా ఒక కారణం.

4. రాయితీ విస్తరణ:

2019లో ఈ విధానం రెండు శాఖలుగా చీలింది. వేతనానికి అదనంగా, ఉద్యోగి జీతం తగ్గించకుండా యజమాని తన ఖర్చుతో సైకిలు ఇస్తే దానిపై పన్ను పూర్తిగా తొలగించారు. జీతంలో కొంత భాగాన్ని వదులుకుని సైకిలు తీసుకునే ‘వేతన మార్పిడి’ పద్ధతిలో మాత్రం జాబితా ధరలో సగాన్నే లెక్కలోకి తీసుకున్నారు. 2020 నుంచి దాన్ని నాలుగో వంతుకు తగ్గించారు. 2018 ముగిసిన తర్వాత ఉద్యోగి చేతికి వచ్చిన సైకిళ్లకే ఈ తగ్గింపులు వర్తించాయి.

3,000 యూరోల సైకిలును ఉదాహరణగా తీసుకుంటే ఈ మార్పుల తీవ్రత స్పష్టమవుతుంది. 2012 లెక్క ప్రకారం ఉద్యోగి ఆదాయానికి నెలకు 30 యూరోలు కలిసేవి. 2019లో అవి 15కు తగ్గాయి. 2020 నుంచి నాలుగో వంతు అయిన 750 యూరోలను కింది వందకు సవరించి, 700 యూరోలలో ఒక శాతంగా 7 యూరోలే కలుపుతున్నారు.

విపణి కూడా ఇదే కాలంలో పెరిగింది. 2012లో జర్మనీలో సుమారు 3.8 లక్షల విద్యుత్ సైకిళ్లు అమ్ముడయ్యాయి. 2023లో ఆ సంఖ్య సుమారు 21 లక్షలకు చేరి, మామూలు సైకిళ్ల అమ్మకాలను తొలిసారి దాటింది. ఈ పెరుగుదలకు లీజు ఒక్కటే కారణం కాదు. బ్యాటరీల మెరుగుదల, కోవిడ్ కాలంలో సైకిలుపై పెరిగిన మక్కువ కూడా కారణాలే. అయినా ఖరీదైన సైకిలును నెలవారీ వాయిదాల్లోకి మార్చడంలో లీజు పాత్ర గణనీయమైనది.

5. వేతన మార్పిడిలోని లాభనష్టాలు:

ఈ ఏర్పాటులో లీజు సంస్థ, యజమాని, ఉద్యోగి అనే మూడు పక్షాలున్నాయి. లీజు ఒప్పందం సంస్థకూ యజమానికీ మధ్య జరుగుతుంది. యజమాని ఆ సైకిలును ఉద్యోగికి అప్పగించి, వాయిదాను అతని స్థూల వేతనం నుంచి మినహాయిస్తాడు. గడువు సాధారణంగా 36 నెలలు. గడువు తీరాక చాలామంది సైకిలును తక్కువ ధరకు కొనుక్కుంటారు. ఆనాటికి సైకిలు విలువ జాబితా ధరలో 40 శాతంగా భావించాలని, అంతకంటే తక్కువకు కొంటే ఆ తేడా కూడా పన్నుకు లోబడే ప్రయోజనమని 2017లో సమాఖ్య ఆర్థిక మంత్రిత్వ శాఖ స్పష్టం చేసింది.

పై సైకిలుకు నెల వాయిదా 90 యూరోలు అనుకుందాం. స్థూల వేతనం 90 తగ్గి, ప్రయోజనం విలువగా 7 తిరిగి కలుస్తుంది. అంటే నెలకు 83 యూరోలపై పన్ను, సామాజిక బీమా చందాలు తప్పుతాయి. ఆఖరి యూరోపై 42 శాతం పన్ను కట్టే ఉద్యోగికి ఆదాయపు పన్నులోనే దాదాపు 35 యూరోలు మిగులుతాయి. 20 శాతం కట్టేవారికి మిగిలేది 17 యూరోల లోపే. సైకిలు ఒకటే, వాయిదా ఒకటే. ఎక్కువ జీతగాడికి అది ఎక్కువ చవకగా దొరుకుతోంది.

చందాల విషయంలో తేడా మరింత సూక్ష్మమైనది. జర్మనీలో వృద్ధాప్య పింఛను చందా కట్టిన వేతనాన్ని అనుసరించి నిర్ణయమవుతుంది. 83 యూరోల చొప్పున 36 నెలలకు 2,988 యూరోల వేతనం పింఛను లెక్కకు అందకుండా పోతుంది. 2023 నాటి ప్రమాణాల ప్రకారం, ఒక్క లీజు వల్ల భవిష్యత్ పింఛనులో నెలకు సుమారు 2.60 యూరోలు తగ్గుతాయి. ఇది చిన్న మొత్తమే. కానీ లీజు వెంట లీజు తీసుకుంటూ పోయేవారికి, పింఛను ఒక్కటే ఆధారమైన అల్పవేతన ఉద్యోగులకు అది చిన్నది కాదు. అనారోగ్య భృతి, నిరుద్యోగ భృతి కూడా ఇదే వేతనంపై ఆధారపడతాయి. చందాల గరిష్ఠ పరిమితికి మించి సంపాదించేవారు వదులుకునే మొత్తం ఆ పరిమితికి పైనే ఉంటుంది. కనుక వారి పింఛనుకు ఏ లోటూ రాదు.

యజమానికి కూడా తన వాటా చందా మిగులుతుంది. వేతన మార్పిడి ద్వారా కంపెనీ పింఛనుకు పొదుపు చేసే సందర్భంలో, చందా ఆదా అయినంత మేరకు 15 శాతం చేర్చవలసిన బాధ్యతను చట్టం యజమానిపై పెట్టింది. సైకిలు లీజు విషయంలో అటువంటి బాధ్యత లేదు. కొందరు యజమానులు సైకిలు బీమా ఖర్చు భరించడం, వాయిదాలో కొంత ఇవ్వడం వారి ఇష్టాన్ని బట్టి జరిగేదే.

6. కార్మిక సంఘాలు, న్యాయస్థానాలు:

ఉమ్మడి ఒప్పందం ద్వారా నిర్ణయమైన వేతనాన్ని ఆ ఒప్పందం అనుమతించనిదే మార్పిడి చేయడానికి వీల్లేదు. అందువల్ల పురపాలక ఉద్యోగులలో అధికభాగం చాలాకాలం ఈ విధానానికి వెలుపలే ఉండిపోయారు. సేవారంగ కార్మిక సంఘమైన ‘వెర్‌డి’ వేతన మార్పిడి పట్ల విముఖత చూపింది. సామాజిక బీమాను బలహీనపరచి సైకిలు కొనిపించడం సరికాదని, యజమాని అదనంగా ఇవ్వాలని దాని వాదన. సభ్యులలో ఉన్న ఆసక్తి మరోవైపు ఒత్తిడి తెచ్చింది. 2020 అక్టోబరులో జరిగిన వేతన ఒడంబడికలో పురపాలక ఉద్యోగుల సైకిలు లీజుకు అంగీకారం కుదిరి, 2021 మార్చి 1 నుంచి ఆ ఒప్పందం అమలులోకి వచ్చింది. సంఘం వాదన ఓడిపోయిందనడం కంటే, ఉద్యోగుల తక్షణ ప్రయోజనం ముందు దీర్ఘకాలిక ప్రయోజనం వెనక్కి తగ్గిందనడం సమంజసం.

ఉద్యోగి దీర్ఘకాలం జబ్బుపడినప్పుడు ఈ విధానంలోని చిక్కు బయటపడుతుంది. జర్మనీలో యజమాని ఆరు వారాల వరకు వేతనం చెల్లిస్తాడు. ఆ తర్వాత ఆరోగ్య బీమా సంస్థ భృతి ఇస్తుంది. వేతనమే లేనప్పుడు మార్పిడి చేయడానికి ఏమీ మిగలదు. వాయిదా మాత్రం ఆగదు. ఆ భారం ఉద్యోగిపై మోపే నిబంధన చెల్లదని 2019 నవంబరులో ఒస్నాబ్రూక్ కార్మిక న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2023 సెప్టెంబరులో ఆహెన్ కార్మిక న్యాయస్థానం ఇందుకు భిన్నంగా, ఉద్యోగి వాయిదా చెల్లించవలసిందేనని నిర్ణయించింది. ఈ రెండు తీర్పుల వెనుక ఉన్న ప్రశ్న ఒక్కటే. ఈ సైకిలు యజమాని ఇచ్చిన సౌకర్యమా, యజమాని చేతుల మీదుగా ఉద్యోగి చేసుకున్న సొంత కొనుగోలా?

7. బ్రిటన్‌తో పోలిక:

జర్మనీ కంటే ముందే, 1999 ఆర్థిక చట్టం ద్వారా బ్రిటన్ యజమాని ఎరువిచ్చే సైకిళ్లకు పన్ను మినహాయింపు కల్పించింది. అక్కడ సైకిలును ప్రధానంగా కార్యాలయ ప్రయాణానికే వాడాలన్న షరతు ఉంది. జర్మనీలో అటువంటి షరతు లేదు. వారాంతపు విహారానికి మాత్రమే వాడినా రాయితీ అందుతుంది. అప్పుల నియంత్రణకు సంబంధించిన అనుమతి కారణంగా బ్రిటన్‌లో చాలాకాలం 1,000 పౌండ్ల పరిమితి కొనసాగింది. అది విద్యుత్ సైకిళ్లకు అడ్డంకి అయింది. 2019లో వచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాలతో ఆ అడ్డు తొలగింది. వేతన మార్పిడి వల్ల జీతం కనీస వేతనం కంటే తగ్గకూడదన్న నియమం వల్ల, అక్కడ అతి తక్కువ జీతగాళ్లు ఈ పథకానికి దూరంగానే ఉండిపోయారు. పథకాల రూపం వేరైనా, రాయితీ పై మెట్ల వారికే ముందు చేరడం రెండు దేశాల్లోనూ కనిపిస్తుంది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. జర్మనీలో ఉద్యోగుల సైకిలు లీజు విధానం కంపెనీ కారు నిబంధనకు 2012లో ఇచ్చిన విస్తృత వ్యాఖ్యానం నుంచి పుట్టింది. పాత రాయితీలో సమానత్వం కోరడమే దాని విజయ రహస్యం.

2. కారుతో సమానత్వం సాధించిన ఈ విధానం ఉద్యోగుల మధ్య సమానత్వాన్ని సాధించలేదు. అధిక వేతనం గలవారికి లాభం ఎక్కువ. తక్కువ వేతనం గలవారి లాభంలో కొంత వారి భవిష్యత్ పింఛను నుంచే వస్తుంది.

3. వేతనానికి అదనంగా ఇచ్చే సైకిలు, వేతనం తగ్గించి ఇచ్చే సైకిలు ఒకే పేరుతో వ్యవహారంలో ఉన్నా స్వభావంలో వేర్వేరు. మొదటిది యజమాని ఇచ్చే ప్రయోజనం. రెండోది ప్రభుత్వ ఖజానా, సామాజిక బీమా నిధి, ఉద్యోగి కలిసి భరించే కొనుగోలు.

ఒక వాహనం మేలైనదైనంత మాత్రాన దాన్ని అందించే పద్ధతి న్యాయమైనది కాబోదు. విద్యుత్ సైకిలు వల్ల రోడ్డుకు, గాలికి, ఆరోగ్యానికి కలిగే మేలు కాదనలేనిది. ఆ మేలుకు ధర ఎవరి జీతపు చీటీలో, ఏ వరుసలో పడుతున్నదో చూడకుండా ఈ విధాన చరిత్రను అంచనా వేయడం అసమగ్రమే అవుతుంది.